తాలుకాయ ధర్మం

మిరపకాయల గురించి తెలిసినంత మనుషుల గురించి నాకు తెలియదని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ అది అబద్ధం. మనుషుల సంగతీ నాకు బాగానే తెలుసు. ఇక్కడ రాస్తున్నవన్నీ తెలిసి చేసినవే.

గుంటూరు మిర్చి యార్డులో, ఒక కమిషన్ దుకాణంలో చాలా ఏళ్ళు కాయ చూసే పని చేశాను. మిరపకాయ బస్తాని మా దగ్గర టిక్కీ అంటారు. రైతు తెచ్చిన టిక్కీ మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు కాయ పైకి లాగాలి. దాన్ని మచ్చు తియ్యడం అంటారు. ఆ గుప్పెడులో రంగెంత, తేమెంత, తాలెంత అని చూసి చెప్పాలి. తాలు అంటే రంగు విరిగి తెల్లబారిన కాయ. దానికి ఘాటూ ఉండదు, బరువూ ఉండదు. పైన ఎర్రటి కాయ పేర్చి అడుగున తాలు దాచి తెచ్చే రైతులు కొందరుండేవాళ్ళు. వాళ్ళని పట్టుకోవడానికే షావుకారు నాకు జీతం ఇచ్చేవాడు. పట్టుకునేవాణ్ణి. నలుగురిలో నిలబెట్టి తిట్టేవాణ్ణి కూడా. పంట పోయిన కౌలు రైతు అలా కాక ఇంకెలా చేస్తాడో నాకు తెలియక కాదు. మాది వినుకొండ వైపు దూదేకుల ఇల్లు. మా నాన్న పత్తి ఏకాడు, మా బావ పత్తి వేశాడు, ఇద్దరూ బాగుపడలేదు. అయినా తిట్టేవాణ్ణి. తిడితేనే గదా పనిమంతుడని పేరు.

మా దుకాణంలో కాయ కొనే కొలంబో వ్యాపారుల తరఫున ప్రతి సీజనుకీ ఒకాయన వచ్చేవాడు. యార్డంతా ఆయన్ని సిలోనాయన అనేది. నిజానికి ఆయనది కొలంబో కాదు. ఆ దేశానికి ఉత్తరాన, తమిళం మాట్లాడే పల్లె. సీజను నాలుగు నెలలూ బ్రాడీపేటలో గది తీసుకుని, ఉదయమే ఆటోలో యార్డుకి వచ్చి, పొద్దుగూకే దాకా నా పక్కన నిలబడి కాయ ఎంచేవాడు. తెలుగు కొంత సినిమాలు చూసీ, కొంత హమాలీల దగ్గరా నేర్చుకున్నాడు. అందుకని తిట్లు బాగా వచ్చేవి, మర్యాదలు తడబడేవి. షావుకారుని నువ్వనీ, హమాలీని మీరనీ అంటే అందరం నవ్వేవాళ్ళం. నన్ను మాత్రం మొదటి రోజు నుంచీ తమ్ముడూ అనే పిలిచాడు. మచ్చు తియ్యడంలో నాకంటే ఆయన చెయ్యి చురుకు. ఒప్పుకోవడానికి నాకు రెండు సీజన్లు పట్టింది.

రెండువేల తొమ్మిదిలో ఆయన వచ్చేసరికే మనిషి సగమయ్యాడు. వాళ్ళ దేశంలో యుద్ధం చివరికొచ్చింది. వాళ్ళమ్మా, చెల్లెలూ, చెల్లెలి ఇద్దరు పిల్లలూ ఆ యుద్ధం మధ్యలో ఉండిపోయారు. పెద్దది ఆడపిల్ల, బడికి పోయే వయసు. చిన్నాడికి ఇంకా మూడేళ్ళు నిండలేదు. సైన్యం ముందుకొచ్చేకొద్దీ వాళ్ళు ఊరు వదిలి ఊరు, గుడారం వదిలి గుడారం జరుగుతూ ఆఖరికి సముద్రపొడ్డున ఒక ఇసక పట్టీ మీదికి చేరారు. ముందు సైన్యం, వెనక నీళ్ళు, మధ్యలో జనం. చెల్లెలి ఫోన్లు జనవరితో ఆగిపోయాయి. ఆ తర్వాత వేరే దేశంలో ఉన్న చుట్టాల ద్వారా, వాళ్ళకి ఇంకెవరి ద్వారానో, నాలుగైదు చేతులు మారి ఒక్కో కబురు వచ్చేది. ఒకసారి వచ్చిన కబురు ఇంతే: చిన్నాడు గంజి అడుగుతున్నాడు, గంజికీ బియ్యం లేవు.

ఆ కబురు ఆయన టీ కొట్టు దగ్గర చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది. మన వాళ్ళకి కబురు చెబితే జాలి పడరు, వాదన మొదలుపెడతారు. అక్కడి ప్రభుత్వం అందరికీ తిండి పంపుతున్నామంటోంది గదా, పేపర్లో వేశారే అన్నాడు ఒక గుమాస్తా. లోపల ఉన్న జనాన్ని తక్కువ చేసి చెప్పి, ఆ తక్కువకి సరిపడా పంపుతున్నారని ఈయన అన్నాడు. అయితే మీ వాళ్ళని బయటికి వచ్చెయ్యమనొచ్చు గదా అన్నాడు ఇంకొకడు. తుపాకులు పట్టుకున్న మా వాళ్ళే పోనివ్వడం లేదు, పోతుంటే కాలుస్తున్నారు, అదీ నిజమే అని ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమే తప్పయింది. చూశావా, నీ నోటితో నువ్వే అన్నావు, మీ వాళ్ళదే తప్పని అందరూ ఒక్కసారే తేల్చేశారు. మన దేశపు నాయకుణ్ణి చంపినవాళ్ళు వాళ్ళే గదా, అప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకని ఒక కమిషన్ వ్యాపారి గ్లాసు కిందపెట్టి లేచిపోయాడు. మూడేళ్ళు నిండని పిల్లాడు ఏ నాయకుణ్ణి చంపాడో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. టీ తాగుతూ గోడ మీది పిల్లిలా అటూ ఇటూ తలాడించాను.

మర్నాడు ఆయన ఒక తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. ఢిల్లీకి అర్జీ రాయాలి, మీ ప్రభుత్వం గట్టిగా అడిగితే తిండి ఓడల్ని లోపలికి పోనిస్తారు, నువ్వు తెలుగులో రాయి, యార్డులో సంతకాలు పెట్టిద్దాం అన్నాడు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని నాకే కాదు, యార్డు మొత్తానికీ తెలుసు. కూర్చుని రాశాను. ఆయన చెబుతుంటే రాశాను. ఆకలితో పిల్లలు చచ్చిపోతున్నారనీ, ఇది యుద్ధం కాదు, ఒక జాతిని తుడిచిపెట్టడమేననీ, చూస్తూ ఊరుకోవద్దనీ. రాయడం అయ్యాక ముందు నువ్వు పెట్టు తమ్ముడూ, నీ సంతకం చూస్తే మిగతావాళ్ళు పెడతారు అన్నాడు.

నేను కాగితం వైపు చూశాను. జాతిని తుడిచిపెట్టడం అనే మాట పెద్దది, మనకి తెలుసా చూశామా, అది తీసేస్తే పెడతానన్నాను. ఆయన కాసేపు ఆలోచించి తీసెయ్యమన్నాడు. ఇంకో కాగితం మీద మళ్ళీ రాశాను. ఆకలి చావులు అన్నావు, రుజువు అడిగితే ఏం చూపిస్తామన్నాను. అదీ తీసెయ్యమన్నాడు. మూడోసారి రాశాను. ఆ కాగితంలో చివరికి మిగిలిందేమిటంటే, అక్కడ కొందరు తిండికి కొంచెం ఇబ్బంది పడుతున్నారని తెలిసింది, వీలైతే సాయం చెయ్యగలరని. ఊళ్ళో కుళాయి రాకపోతే మునిసిపాలిటీకి ఇంతకంటే గట్టిగా రాస్తాం. ఆయన మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకుని, కలం నా చేతికిచ్చాడు. అప్పుడు కూడా నేను పెట్టలేదు.

"భయమా తమ్ముడూ?" అన్నాడు.

భయమే. షావుకారు కొలంబోకి సరుకు అమ్ముతాడు, ఈ కాగితం చూస్తే నా పని పోతుంది. అదొకటి. ఇంకోటి కూడా ఉంది. ఆ రోజుల్లో ఎక్కడ బాంబు పేలినా సాయిబు పేర్లున్న మాలాంటివాళ్ళం నాలుగు రోజులు తలొంచుకుని నడిచేవాళ్ళం. పరాయి దేశపు యుద్ధం మీద, తుపాకులు పట్టినవాళ్ళున్న చోటు మీద, నా పేరున్న సంతకం ఢిల్లీకి వెళితే ఎవడు ఎలా చదువుకుంటాడో. ఈ రెండూ ఆయనతో చెప్పలేదు. అన్నా, రేపు చూద్దాం అన్నాను. ఆయన మొదటి కాగితాన్ని, అన్ని మాటలూ ఉన్నదాన్ని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మిగతా రెండూ నా బల్ల మీదే వదిలేశాడు.

ఆ సాయంత్రం మా అక్క ఇంటికొచ్చినప్పుడు బొటనవేలికి ఊదారంగు సిరా ఉంది. అక్క మా ఇంట్లోనే ఉండేది. బావ పోయాక నేనే తెచ్చుకున్నాను. ఒక కోల్డ్ స్టోరేజిలో మిరపకాయలకి తొడిమలు తీసే పనికి పోయేది. పని నుంచి రాగానే మంట తగ్గడానికి చేతులకి కొబ్బరినూనె రాసుకునేది, సిరా ఆ నూనెకి ఇంకా పాకిపోయింది. ఏంటని అడిగితే, సిలోనాయన మధ్యాహ్నం వాళ్ళ షెడ్డుకి వచ్చాడనీ, అక్కడి మేస్త్రీతో కాగితం చదివించాడనీ, తొడిమలు తీసే ఆడవాళ్ళంతా వేలిముద్రలు వేశారనీ చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. తెలిసీ తెలియని కాగితాల మీద వేలిముద్రలేమిటి, అందులో ఏముందో నీకేం తెలుసని అరిచాను.

"రెండుసార్లు చదివించుకున్నాలేరా," అంది. "కడుపునొప్పి అని ఎక్కడా లేదు."

ఆ మాట నన్ను కొట్టినట్టు ఎవరి చెయ్యీ కొట్టలేదు. ఎందుకో చెప్పాలి.

తొంభైల చివర్లో పల్నాడు వైపు పత్తిని పురుగు తినేసిన ఏడు, మా బావ కౌలుకి తీసుకున్న చేలో పత్తికాయ ఒక్కటీ విచ్చుకోలేదు. ఆ ఇంట్లో ఆఖరి నెల పొయ్యి రోజు విడిచి రోజు వెలిగింది. బావ ఆకలి లేదంటూ అక్కకి పెట్టి తను నీళ్ళు తాగి పడుకునేవాడట. ఇది నాకు ఆయన పోయాకే తెలిసింది. ఒక పొద్దున చేను గట్టున పురుగుల మందు తాగాడు. ఆసుపత్రికి చేర్చేలోపే పోయాడు. శవపంచనామా రాసేటప్పుడు దగ్గర బంధువుగా నన్ను కూర్చోబెట్టారు. పోయిన మనిషిని ఆ రోజే, పొద్దుగుంకేలోపు మట్టిలో పెట్టడం మా ఇళ్ళల్లో ఆచారం, ఆలస్యం చేస్తే పోయినవాణ్ణి బాధపెట్టినట్టు. పంట పోయిందనీ అప్పులనీ తిండి లేదనీ రాయిస్తే పెద్ద ఆఫీసర్లు రావాలి, విచారణ చెయ్యాలి, శవాన్ని రేపు గాని ఇవ్వరని ఊరి పెద్ద ఒకాయన నా చెవిలో చెప్పాడు. కడుపునొప్పి తట్టుకోలేక తాగాడని రాస్తే మధ్యాహ్నానికి ఇచ్చేస్తారన్నాడు. కాగితం మీద ఏముంటే ఏంటి, మనిషిని వేళకి మట్టి చెయ్యడం ముఖ్యం గదా అనుకున్నాను. కడుపునొప్పి అని రాశారు. నేను కింద గుండ్రంగా సంతకం పెట్టాను. మధ్యాహ్నం నమాజు వేళకి బావని మోసుకెళ్ళాం. అంతా సవ్యంగా జరిపించానని నలుగురూ మెచ్చుకున్నారు.

తర్వాత, పంట పోయి చచ్చిపోయిన రైతుల కుటుంబాలకి ప్రభుత్వం సాయమన్నప్పుడు అక్క ఆఫీసుల చుట్టూ తిరిగింది. మీ ఆయనది కడుపునొప్పమ్మా, మీ తమ్ముడే సంతకం పెట్టాడని కాగితం చూపించారు. ఇంటికొచ్చి ఆ మాట మామూలుగానే చెప్పింది. తిట్టలేదు, ఏడవలేదు. సాయం రానందుకు కాదురా, ఆయన తినకుండా నాకు పెట్టాడన్న సంగతి ఎక్కడా లేకుండా పోయిందని మాత్రం ఒకసారి అంది. పెట్టకూడని చోట అడగ్గానే పెట్టిన సంతకం, పెట్టాల్సిన చోట రెండుసార్లు కాగితం మార్పించి కూడా పెట్టలేదు. నా బతుకు మొత్తాన్ని ఈ ఒక్క ముక్కలో చెప్పొచ్చు.

వేలిముద్రల కాగితం సంగతి షావుకారుకి చేరడానికి ఒక్క రోజు పట్టింది. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు. సిలోనాయన్ని పిలిచి కుర్చీ వేయించి, టీ తెప్పించి, నెమ్మదిగా మాట్లాడాడు.

"చూడండి, ఆ కాగితం ఢిల్లీ పోతే ఏమవుద్దో నాకు తెలీదు. కొలంబో పోతే మాత్రం మన ఆర్డర్లు పోతాయి, మీ ఉద్యోగం పోద్ది. అక్కడ కావాల్సింది తిండి. తిండే పంపుదాం. గొడవెందుకండీ?"

చెన్నైలో కొందరు ఓడకెక్కించడానికి సరుకులు పోగుచేస్తున్నారనీ, మిల్లుల వాళ్ళు బియ్యం ఇస్తున్నారనీ, యార్డు తరఫున మిరపకాయ లారీ పంపిద్దామనీ అన్నాడు. ఒక్కటే షరతు. కాగితం తన చేతికివ్వాలి.

 నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఇవ్వొద్దు అన్నా అని చెప్పాలనిపించిన మాట నిజం. ఇచ్చెయ్, తిండి ముఖ్యం అని చెప్పాలనిపించిన మాటా నిజమే. జరుగుతున్నదాన్ని పేరు పెట్టి పిలిస్తే తిండి ఆగుతుంది, తిండి కావాలంటే పేరు మింగాలి. ఏది సరో ఇవాళ అడిగినా నేను చెప్పలేను. సిలోనాయన జేబులోంచి కాగితం తీశాడు. కింద ఊదారంగు వేలిముద్రలు వరసగా ఉన్నాయి, అందులో మా అక్కదేదో నాకు తెలియలేదు. షావుకారు దాన్ని చింపలేదు. సొరుగులో పెట్టి తాళం వేశాడు. చింపినా బాగుండేది.

సాయం టిక్కీలు నింపే పని నాకే చెప్పారు. రైతు తెచ్చిన ప్రతి సరుకులోంచీ ధర్మం పేరుతో కాసిని కాయలు తీసి పక్కన పోసే అలవాటు మా దుకాణంలో ఉండేది. ధర్మం రైతుది, పేరు షావుకారుది, అత్త సొమ్ము అల్లుడు దానం. ఆ కుప్పలోంచి మంచి కాయ ఎప్పటికప్పుడు ఎగిరిపోతుంది గనక మిగిలేది ఎక్కువగా తాలే. మిగతా దుకాణాల వాళ్ళు పంపినవీ అంతే, ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్న తాలు టిక్కీలు. ఒక షాపు గుమాస్తాని ఇదేంటయ్యా అంటే, ఆకలి రుచెరగదులే అని నవ్వాడు. మన పెద్దలు ఆ సామెత ఆకలిగొన్నవాడి మీద జాలితో చెప్పారో, వాడికి ఏది పెట్టినా చెల్లుతుందని చెప్పారో నాకు ఆ రోజు దాకా అనుమానం రాలేదు.

నేనేం చేశానంటే, అన్ని టిక్కీలకీ తాలు కిందకి పోసి, మూతి దగ్గర జానెడు మందాన ఎర్రటి సన్నకాయ పేర్చాను. ఎవరూ చెయ్యమనలేదు. తాలు పంపితే దుకాణం పరువు పోతుంది, మొత్తం మంచి కాయ అడిగితే షావుకారు మొహం మాడుతుంది, మధ్యేమార్గంగా ఇది తోచింది. జీవితమంతా రైతుల దగ్గర పట్టుకున్న దొంగతనం నా చేతులు ఎంత చక్కగా చేశాయో. ఒక్కో కాయా తొడిమ లోపలికి, మొన పైకి వచ్చేలా సర్దాను. చూసినవాళ్ళు భలే ఉన్నాయన్నారు.

లారీకి ఎక్కించే రోజు సిలోనాయన వచ్చాడు. హమాలీలందరికీ దణ్ణం పెట్టాడు. ఒక టిక్కీ దగ్గర ఆగి, ఎర్రగా మెరుస్తున్న కాయ చూసి మురిసిపోయాడు. మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. అంతటితో వెళ్ళిపోతాడనుకున్నాను. కానీ కాయ ఎంచేవాడి చెయ్యి ఊరుకోదు. పరీక్షించాలని కాదు, అలవాటుగా మోచేతి దాకా దూర్చి అడుగు నుంచి గుప్పెడు లాగాడు. విప్పాడు. అరచేతినిండా తెల్ల తాలు. ఇంకో టిక్కీలో చెయ్యి పెట్టాడు. ఇంకోదానిలో. మూడు చోట్లా అదే.

నన్ను ఏదో ఒకటి అంటాడని ఎదురుచూశాను. హమాలీల దగ్గర నేర్చుకున్న తిట్లన్నీ వచ్చుగదా. ఆయన తాలుని జాగ్రత్తగా మళ్ళీ టిక్కీలోకే పోసి, పైన ఎర్ర కాయ ముందెలా ఉందో అలాగే సర్దాడు.

"ఈ పేర్పు నీదే తమ్ముడూ," అన్నాడు. "నీ చెయ్యి నాకు తెలుసు."

అంతే. లారీ ఎక్కించమని తనే చెప్పాడు. రసీదు మీద మంచి సరుకు అందిందని రాసి సంతకం పెట్టాడు. ఇచ్చినవాళ్ళని నిలదీసే స్థోమత ఆయనకి లేదు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసే పేర్చానా అని ఎవరైనా అడిగితే, అవుననే చెబుతాను.

ఆ టిక్కీలు సముద్రం దాటలేదు. లోపలికి అనుమతించే సరుకుల్లో మిరపకాయ లేదని చెన్నైలోనే దించేశారు. బియ్యం సంగతీ ఏమైందో ఎవరూ సరిగా చెప్పలేదు. తిరిగి తెప్పిస్తే లారీ బాడుగ దండగని కాయని అక్కడే అమ్మించారు. పైన పేర్చిన ఎర్ర కాయ చూసి కొన్నవాడు మోసపోయే ఉంటాడు.

మే నెలలో యుద్ధం అయిపోయిందని వార్త వచ్చింది. కొలంబో నుంచి ఇక ఆర్డర్లు పెరుగుతాయని యార్డులో హుషారు మొదలైంది. మా షావుకారు దుకాణంలో అందరికీ బజ్జీలు తెప్పించాడు. నేను రెండు తిన్నాను, ఉల్లిపాయ ముక్కలు అడిగి వేయించుకుని మరీ తిన్నాను. అది జాతి నిర్మూలన అవునా కాదా అని టీవీల్లో పెద్దపెద్దవాళ్ళు వాదించుకోవడం ఆ తర్వాతే ఎక్కువైంది. ఒకరు అవునంటారు, ఒకరు ఉగ్రవాదం మీద గెలుపంటారు, ఒకరు రెండువైపులా తప్పుందంటారు. తేల్చే చదువు నాకు లేదు. వాళ్ళ వాదన తేలేదాకా ఆ ఇసక మీద ఎవరూ ఆగలేదని మాత్రం తెలుసు.

సీజను ముగిసినా సిలోనాయన గది ఖాళీ చెయ్యలేదు. కబురు కోసం కూర్చున్నాడు. జూన్‌లో వచ్చింది. చెల్లెలూ ఆడపిల్లా ముళ్ళకంచె లోపల ఒక శిబిరంలో ఉన్నారు. అమ్మ గుండు దెబ్బకి పోయింది. చిన్నాడు అంతకు పది రోజుల ముందే పోయాడు. ఏదీ దొరక్క ఆకులు ఉడకబెట్టి ఆ నీళ్ళు పట్టించారట, నిలవలేదట. శిబిరంలో పేర్లు రాసుకునేటప్పుడు పిల్లాడెలా పోయాడని అడిగారు. ఆకలితో అంది చెల్లెలు. అలా చెబితే ఇంకా ఎన్నో ప్రశ్నలొస్తాయి, నిన్నూ పిల్లనీ బయటికి పంపడం ఆలస్యమవుతుందని పక్కన ఉన్న పెద్దమనిషి ఎవరో నచ్చజెప్పాడు. జ్వరం అని రాశారు. ఆవిడ సంతకం పెట్టింది.

ఇదంతా బ్రాడీపేటలో ఆయన గది మెట్ల మీద కూర్చుని చెప్పాడు. పెట్టె సర్దుకుని ఉంది, చెన్నై బస్సుకి బయల్దేరుతున్నాడు. ఆ పెద్దమనిషి మొహం నాకు తెలుసనిపించింది. అలాంటి ఒకాయన నా చెవిలోనూ మాట్లాడాడు. నేను ఆగలేక, అన్నా, ఆ కాగితం మళ్ళీ రాస్తాను, ఒక్క మాట కూడా తియ్యను, మొదటి సంతకం నేనే పెడతానన్నాను. నిజంగానే అన్నాను. అప్పుడు కలం ఇచ్చి ఉంటే పెట్టేవాణ్ణే.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తీసేస్తే బాగుండుననిపించింది.

"అది తిండి అడిగిన కాగితం తమ్ముడూ. తినేవాడు లేడు గదా."

పెట్టె ఆటోలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మరుసటి సీజనుకి వేరే మనిషి వచ్చాడు. ఆయన జాడ మళ్ళీ తెలియలేదు.

ఆ పూట ఇంటికి పోయి అన్నానికి కూర్చున్నాను. అక్క వడ్డిస్తూ, సిలోనాయనకి కబురేమైనా వచ్చిందా అని అడిగింది. చెల్లెలూ పెద్దపిల్లా క్షేమమని చెప్పాను. ముసలామె పోయిందని చెప్పాను. చిన్నాడు ఏమయ్యాడంది. ఆయన చెప్పినదంతా నా నోటి దాకా వచ్చింది. ఎదురుగా పళ్ళెంలో వేడన్నం ఉంది, పప్పుంది. అక్క మొహం చూస్తూ ఆ మాట చెప్పలేకపోయాను. జ్వరమొచ్చి పోయాడంట అన్నాను.

అక్క పప్పుగిన్నె మీద మూత పెట్టింది.

"రోజూ మూడుపూటలా తినే నోరేగా నీది," అంది. "ఆకలి అనడానికి ఏం రోగం?"

 పళ్ళెం ముందు నుంచి లేవలేదు. పెట్టినదంతా తిన్నాను.